పదకొండేళ్ల పిల్లకు ఇంటి చదువు: సిలబస్ ఎక్కడ మొదలవుతుంది?

మా అమ్మాయిని ఆరో తరగతి మధ్యలో బడి మాన్పించి ఇంట్లో చదివించడం మొదలుపెట్టామని తెలియగానే ఫోన్లు మొదలయ్యాయి. మొదటి రెండు నిమిషాలు పరామర్శ. పిల్ల ఒంటరిదైపోదా, రేపు ఏ కాలేజీలో చేర్చుకుంటారు, వగైరా. ఆ తర్వాత గొంతు కాస్త తగ్గించి అసలు ప్రశ్న: "ఇంతకీ ఏ సిలబస్ కొన్నారు?"

"కొన్నారు" అన్న మాటలోనే చిక్కంతా ఉంది. ఫ్రిజ్‌లాగా చదువు కూడా ఒక పెట్టెలో వస్తుందని, మంచి కంపెనీది చూసి తెచ్చుకుంటే సరిపోతుందని మనకో నమ్మకం. నాకూ ఉండేది. ఒక విదేశీ సంస్థ ఏడాది మొత్తానికీ అమ్మే పుస్తకాల పెట్టెను తెప్పించాను. లెక్కల పుస్తకంలో గాలన్లు, అంగుళాలు. చరిత్రలో అమెరికా వలస రాజ్యాలు. మూడో రోజు మా పిల్ల "డైమ్ అంటే ఎన్ని రూపాయలమ్మా?" అని అడిగింది. ఆ పెట్టె ఇప్పుడు ఇస్త్రీ బట్టలు సర్దుకోవడానికి పనికొస్తోంది.

పొరపాటు ఆ పుస్తకాలది కాదు, నేను పని మొదలుపెట్టిన చోటుది. 11 ఏళ్ల పిల్లకు సిలబస్ ఎంచుకోవడమంటే ముందు 14 ఏళ్ల దగ్గరికి వెళ్లి, అక్కడి నుంచి వెనక్కి నడుచుకుంటూ రావాలి. మన దేశంలో ఇంట్లో చదివే పిల్ల ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల వయసులో తప్పనిసరిగా రాయాల్సిన పబ్లిక్ పరీక్ష ఏదీ లేదు. ఆ మూడేళ్లూ ఖాళీ మైదానం. కానీ మైదానం చివర పదో తరగతి అనే గోడ ఉంది, ఆ గోడకు కొన్ని తలుపులే ఉన్నాయి. మన పిల్ల ఏ తలుపులోంచి వెళుతుందో తేలితే సిలబస్‌లో సగం తేలినట్టే.

ఆ తలుపులు ఏమిటి?

మొదటిది, తిరిగి బడిలో చేరడం. ఇది ఎంత ముందు జరిగితే అంత తేలిక. 2009 విద్యాహక్కు చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం, ప్రాథమిక విద్య మధ్యలో ఆగిపోయిన పిల్లలను వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి, వెనకబడిన పాఠాలకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. కాబట్టి ఏడులోనో, ఎనిమిదిలోనో చేర్చడం పెద్ద సమస్య కాదు. ఆచరణలో ప్రైవేటు బడులు ఏదో ఒక ప్రశ్నపత్రం చేతిలో పెడతాయి, అది వేరే సంగతి. తొమ్మిదికి వచ్చేసరికి మాత్రం తలుపు ఇరుకవుతుంది. సీబీఎస్‌ఈ బడిలో తొమ్మిదో తరగతికి, గుర్తింపు ఉన్న చోట ఎనిమిది పాసైన కాగితం అడుగుతారు. సీబీఎస్‌ఈలో తొమ్మిది, పది కలిసి ఒకే కోర్సు కాబట్టి, ఇంట్లో చదివి నేరుగా పదో తరగతి పరీక్షకు కూర్చునే దారి సాధారణంగా ఉండదు. ఎనిమిది కాగితం కావాలంటే ఉన్న మార్గం జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ ఎన్‌ఐఓఎస్ నడిపే ఓపెన్ బేసిక్ ఎడ్యుకేషన్. అందులో ఎ, బి, సి అని మూడు స్థాయిలు: ఎ మూడో తరగతికి, బి ఐదుకు, సి ఎనిమిదికి సమానం.

రెండోది, ఓపెన్ స్కూల్ ద్వారానే పదో తరగతి పూర్తి చేయడం. 1989లో నేషనల్ ఓపెన్ స్కూల్‌గా మొదలైన ఎన్‌ఐఓఎస్ కేంద్ర ప్రభుత్వ బోర్డు. 14 ఏళ్లు నిండితే సెకండరీలో చేరవచ్చు. కనీసం ఐదు సబ్జెక్టులు, వాటిలో ఒకటో రెండో భాషలు. పరీక్షలు ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్-మే నెలల్లో, అక్టోబరు-నవంబరులో. నమోదు ఐదేళ్లు చెల్లుతుంది, ఆ ఐదేళ్లలో తొమ్మిది అవకాశాలు. సబ్జెక్టులను విడదీసి, వీలైనప్పుడు ఒక్కొక్కటి రాసుకోవచ్చు. తెలుగు మాధ్యమం కూడా ఉంది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలకు సొంత సార్వత్రిక విద్యాపీఠాలున్నాయి; అక్కడా పదో తరగతికి వయసు 14 ఏళ్లే. ఒక్క హెచ్చరిక. ఎన్‌ఐఓఎస్‌లో గణితం, సైన్సు తీసుకోకుండానే పది పాసైపోవచ్చు. ఆ సౌకర్యం చూసి మురిసిపోయి వాటిని వదిలేస్తే, రెండేళ్ల తర్వాత పిల్ల ఎంపీసీ కావాలన్నప్పుడు తల పట్టుకోవాలి.

మూడోది బ్రిటన్‌కు చెందిన పదో తరగతి స్థాయి పరీక్ష, కేంబ్రిడ్జి ఐజీసీఎస్‌ఈ. ప్రైవేటు అభ్యర్థిగా రాయవచ్చు, కానీ అందుకు ఒప్పుకునే పరీక్షా కేంద్రాన్ని మనమే వెతుక్కోవాలి. సైన్సులో ప్రయోగశాలకు బదులు రాతపరీక్షగా ఇచ్చే పేపరు ఉంది కాబట్టి ఇంటి పిల్లలకు అది వీలవుతుంది. ఫీజు మాత్రం ఓపెన్ స్కూలుతో పోల్చదగ్గది కాదు.

మరి ఇదంతా చట్టబద్ధమేనా అన్నది ప్రతి ఫోన్‌లోనూ వచ్చే ప్రశ్న. విద్యాహక్కు చట్టంలో ఇంటి చదువు అన్న మాటే లేదు. పదో సెక్షన్ పిల్లలను దగ్గరలోని బడిలో చేర్చడం తల్లిదండ్రుల విధి అంటుంది; ఆ విధి తప్పిన తల్లిదండ్రులకు శిక్ష మాత్రం చెప్పదు. అంటే గుర్తింపూ లేదు, దండనా లేదు. ఈ సందు ఎంత వెడల్పుంటే అంతే మన స్వేచ్ఛ అని తెలుసుకుని అడుగు వేయడం మంచిది.

తెలుగువాళ్లకు ముడి ఇంకొకటి ఉంది, ఇంగ్లీషులో ఇంటి చదువు గురించి రాసిన పుస్తకాల్లో అది సాధారణంగా దొరకదు. మన రాష్ట్రాల్లో ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌కు వెళ్లే పిల్ల స్థానికతను నిరూపించుకోవాలి. అందుకు ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు. బడి మొహం చూడని పిల్ల ఏం చూపాలి? నిబంధనల్లో దానికీ దారి ఉంది: సంస్థలో చదవకుండా ప్రైవేటుగా చదివినవాళ్లు, అర్హత పరీక్షకు ముందు ఏడేళ్లు ఇక్కడే నివసించినట్టు రెవెన్యూ అధికారి ఇచ్చే నివాస ధ్రువపత్రం పెట్టవచ్చు. ఈ నిబంధనలను ప్రభుత్వాలు ఎప్పటికప్పుడు సవరిస్తుంటాయి కనుక ఆ ఏటి సూచనల పుస్తకం చూసుకోవాల్సిందే. అయినా ఆరో తరగతి నుంచే కరెంటు బిల్లులు, ఆధార్ చిరునామా, అద్దె ఒప్పందాలు ఒక ఫైల్లో పెట్టడం నేను నేర్చుకున్న మొదటి పాఠం. ఇంటి చదువు సిలబస్‌లో ఇది సున్నా నంబరు అధ్యాయం.

ఒకే పిల్ల, నాలుగు తరగతులు

తలుపు నిర్ణయమైంది అనుకుందాం. మాకు అది ఎన్‌ఐఓఎస్, కుదిరితే మధ్యలో బడి. ఇక పుస్తకాలు. ఇక్కడ చాలామంది చేసే పని ఆరో తరగతి పుస్తకాల కట్ట మొత్తం తెచ్చి ఒకటో పాఠం తెరవడం. బడిలో ఆ అవసరం ఉంది. నలభై మందిని ఒకే పేజీలో ఉంచాలి. ఇంట్లో ఉన్నది ఒక్క పిల్ల.

మేము మూడు రోజులు వేరే పని చేశాం. మూడు నుంచి ఎనిమిది దాకా తరగతుల పుస్తకాల్లో అధ్యాయాల చివరి అభ్యాసాలు కలగాపులగంగా ఇచ్చి, ఎక్కడ చకచకా సాగుతోంది, ఎక్కడ పెన్సిల్ ఆగుతోంది అని చూశాం. మార్కులు వేయలేదు. తేలింది ఇది: ఇంగ్లీషు చదవడంలో ఎనిమిదో తరగతి. సైన్సు ఆరు. లెక్కల్లో గుణకారాలు బాగున్నా భిన్నాల దగ్గర నాలుగో తరగతిలోనే ఆగి ఉంది. తెలుగు చదవడంలో, ఒప్పుకోవడానికి సిగ్గుపడినా, మూడు. బడి ప్రోగ్రెస్ కార్డులో ఇవన్నీ ఒకే "ఎ ప్లస్" కింద దాక్కున్నాయి.

అందువల్ల సిలబస్ అనేది ఒక్కటి కాదని, సబ్జెక్టుకు ఒకటి చొప్పున నాలుగు ఉంటాయని అర్థమైంది. వాటిలో ముందుగా కుదుర్చుకోవలసినవి భాష, లెక్క. ఈ రెండూ మెట్లెక్కే చదువులు. కింది మెట్టు లేకపోతే పైది నిలబడదు. సైన్సు, సాంఘికశాస్త్రం అలా కాదు. అయస్కాంతాల పాఠం ఈ ఏడు చదివినా, వచ్చే ఏడు చదివినా కొంప మునగదు. ఇంట్లో చదివించేవాళ్లు కంగారుపడి డబ్బు పోసేది ఎక్కువగా ఈ రెండో రకం మీదే. పోయాల్సింది మొదటి రకం మీద, అదీ డబ్బు కాదు, సమయం.

వెన్నెముకగా మేము కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలే పెట్టుకున్నాం. 2023 పాఠ్యప్రణాళిక చట్రం ప్రకారం ఆరో తరగతికి 2024లో కొత్త పుస్తకాలు వచ్చాయి, ఉచితంగా దించుకోవచ్చు. ఎన్‌సీఈఆర్‌టీ అంటే ఎండిపోయిన పేజీలని పాత జ్ఞాపకం ఉన్నవాళ్లు ఆరో తరగతి లెక్కల పుస్తకం గణిత ప్రకాశ్ ఒకసారి తిరగేయాలి. ప్రధాన సంఖ్యల అధ్యాయంలో ఇడ్లీ-వడ ఆట ఉంటుంది: పిల్లలు వరసగా అంకెలు చెబుతూ 3 గుణిజం వస్తే ఇడ్లీ అనాలి, 5 గుణిజం వస్తే వడ అనాలి, రెండూ అయితే ఇడ్లీ-వడ. మా ఇంట్లో తాతగారు 15 దగ్గర "సాంబారు" అని ఓడిపోయారు. మరో అధ్యాయంలో మహారాష్ట్ర బడిపంతులు కాప్రేకర్ కనిపెట్టిన 6174 అనే వింత సంఖ్య ఉంది. సున్నాకు అవతలి వైపు ఉన్న సంఖ్యలను లిఫ్టులో కిందికీ పైకీ తిప్పి నేర్పుతారు.

ఇంత మంచి పుస్తకమైనా దాన్ని మన పిల్లకు తగ్గట్టు కత్తిరించి కుట్టుకోవాల్సిందే. భిన్నాల సంగతే చూడండి. మా అమ్మాయి ½కి ⅓ కలిపి ⅖ అని రాసేది. పైవి పైవి, కిందవి కిందవి కూడేయడం. సూత్రం పదిసార్లు చెప్పాను, పదకొండోసారి మళ్లీ ⅖. చివరికి డజను అరటిపళ్లు బల్ల మీద పెట్టాను. అరడజను తీయమన్నాను, ఆరు. డజనులో మూడో వంతు తీయమన్నాను, నాలుగు. మొత్తం పది. "నువ్వు రాసిన ⅖ సగం కంటే ఎక్కువా తక్కువా?" అని అడిగితే కాసేపు చూసి, "తక్కువ. కానీ సగానికి ఇంకా కలిపాం కదా!" అంది. ఆ "కదా" కోసమే నేను వారం ఎదురుచూశాను.

అమ్మమ్మ దగ్గర పాత కొలపాత్రలు ఉంటే బయటికి తీయండి. మా వైపు లెక్కలో నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. మానికకు 16 గిద్దలు. మూడు గిద్దలకు ఒక సోల కలిపితే మానికలో ఎంత? హారం ఎందుకు సమానం చేయాలో బియ్యం కొలిచిన పిల్లకు వేరే చెప్పనక్కర్లేదు. సోలను గిద్దల్లోకి మార్చకుండా కలపలేమని చేతికే తెలుస్తుంది. ఈ కొలతలన్నీ సగాలు, సగంలో సగాలు కనుక మూడో వంతులకు పనికిరావు. అక్కడికి మళ్లీ అరటిపళ్లే.

ఇలాంటి అతుకులు ప్రతి సబ్జెక్టులోనూ ఉన్నాయి. సైన్సు పుస్తకంలో పదార్థాలను వేరుచేసే పద్ధతుల పాఠం వస్తుంది. ఇంగ్లీషులో అవి కంఠస్థం చేయాల్సిన ఎనిమిదో పదో మాటలు. తెలుగింట్లో అవి పనులు: ఏరడం, చెరగడం, జల్లించడం, తూర్పారబట్టడం, తేర్చడం, వడకట్టడం, చిలకడం. చేట పట్టుకుని ఒక పూట కూర్చుంటే పాఠం అయిపోతుంది. పట్టణంలో చేటలు కరవైతే తూర్పారబట్టడానికి వేరుశనగ పొట్టు, టేబుల్ ఫ్యాను చాలు. ఇల్లు ఊడ్చుకునే బాధ్యత మాత్రం ముందే ఒప్పించుకోండి.

లెక్కల పుస్తకం మొదటి అధ్యాయంలోనే 1, 2, 3, 5, 8, 13 అనే వరస కనిపిస్తుంది, దానికి విరహాంక సంఖ్యలని పేరు. విరహాంకుడు ఛందశ్శాస్త్రవేత్త. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. నాలుగు మాత్రలను లఘువులు, గురువులతో ఎన్ని విధాలుగా నింపవచ్చు? నాలుగు లఘువులు ఒకటి, రెండు గురువులు ఒకటి, ఒక గురువు రెండు లఘువులతో మూడు. మొత్తం ఐదు. ఐదు మాత్రలకైతే ఎనిమిది. తెలుగు పాఠంలో గురు లఘువులు గుర్తించడం, లెక్కల పాఠంలో వరసలు. రెండు పీరియడ్లు ఒకే కాగితం మీద కలిసిపోయిన రోజు అది. వేమన ఆటవెలదులు విసుగు లేకుండా చదివించడానికి నాకు దొరికిన ఒకే ఒక్క ఉపాయం కూడా.

తెలుగును ఇంకోవైపు నుంచీ పట్టుకోవాలి. 2018లో తెలంగాణ తెచ్చిన చట్టం ప్రకారం, ఏ బోర్డు బడిలోనైనా పదో తరగతి వరకు తెలుగు బోధన తప్పనిసరి. మధ్యలో బడికి తిరిగి వెళ్లే పిల్లకు ఈ గోడ మొదటి వారంలోనే తగులుతుంది. అమెరికా నుంచి 11, 12 ఏళ్ల పిల్లలతో హైదరాబాద్ తిరిగొచ్చే కుటుంబాల ఇబ్బంది చాలావరకు ఇక్కడే. లెక్కలు, సైన్సు నెలల్లో సర్దుకుంటాయి, తెలుగు సర్దుకోదు. అలాంటివాళ్లు ఒక ఏడాది ఇంటి చదువును వంతెనలా వాడుకుని, రోజులో మొదటి గంట తెలుగుకే ఇస్తే మేలు. అందుకు మంచి పనిముట్టు ప్రభుత్వమే ఇచ్చింది. రెండు రాష్ట్రాలూ పాఠ్యపుస్తకాలను ద్విభాషల్లో తెచ్చాయి, ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదురు పేజీలో అదే పాఠం తెలుగులో. ఇంగ్లీషు తెలిసిన పిల్ల సైన్సు పాఠం తెలుగు పేజీలో చదువుతూ, ఆగినచోట పక్కకు చూస్తుంది. నిఘంటువు తెరిచే బాధ తప్పుతుంది.

అమెరికాలోనే ఉండి ఇంట్లో చదివించే తెలుగువాళ్ల లెక్కలు వేరు. టెక్సాస్‌లో ఇంటి చదువును ప్రైవేటు బడిగా చూస్తారు, 1994లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చిన సంగతి అది. ఎవరికీ నివేదిక పంపనక్కర్లేదు. న్యూయార్క్‌లో ఏటా ప్రణాళిక ఇవ్వాలి, మూడు నెలలకోసారి నివేదిక పంపాలి. డల్లాస్‌లో ఉన్న చెల్లెలి మాట విని న్యూయార్క్‌లో అక్క సిలబస్ ఎంచుకుంటే చిక్కే.

గంటల లెక్క, అలకల లెక్క

రోజుకు ఎన్ని గంటలు? విద్యాహక్కు చట్టం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు ఏడాదికి 220 పనిదినాలు, 1,000 బోధన గంటలు అంటుంది. రోజుకు నాలుగున్నర గంటల చొప్పున, 35 మంది పిల్లలకు ఒక ఉపాధ్యాయుడు. హాజరు, అల్లరి, నోట్సు దిద్దడం, అర్థంకాని నలుగురి కోసం మిగతావాళ్లు ఆగడం అందులోనివే. ఒక్క పిల్లకు రెండున్నర గంటల గట్టి పని చాలని నా అనుభవం. మొదటి నెల నేను ఆరు గంటల టైంటేబుల్ గోడకు అంటించాను. రెండో వారానికి పిల్ల కాదు, నేను అలసిపోయాను.

పదకొండేళ్లు విచిత్రమైన వయసు. ఎనిమిదేళ్ల పిల్ల అమ్మ చెప్పిందని రాస్తుంది. పదిహేనేళ్లది పరీక్ష ఉందని రాస్తుంది. మధ్యలో ఉన్నది "ఎందుకు?" అని అడుగుతుంది, జవాబు నచ్చకపోతే పెన్సిల్ వెతుక్కోవడానికి అరగంట తీసుకుంటుంది. దీన్ని క్రమశిక్షణ సమస్య అనుకుని నేను చాలా రోజులు పోగొట్టుకున్నాను. నిజానికి ఆమెకు కావలసింది కొంత అధికారం. ఏం చదవాలో నేను చెబుతాను. ఏది ముందు, ఎక్కడ కూర్చుని, నోటుపుస్తకంలోనా నోటితోనా అన్నది ఆమె ఇష్టం. రాయడం అంటే విసుగైన పిల్ల చదివిన పాఠాన్ని తిరిగి కథలా చెప్పగలిగితే ఆ రోజుకు అదే పరీక్ష. అలాగే కనీసం ఒక సబ్జెక్టు అమ్మ చేతిలో ఉండకూడదు. మాకు సంగీతం వీధి చివరి మాస్టారిది, లెక్కల్లో కష్టమైనవి మామయ్యవి. అమ్మే టీచరు, అమ్మే వంటమనిషి, అమ్మే పోలీసు అయితే పిల్ల మూడింటి మీదా ఒకేసారి అలుగుతుంది.

పుస్తకం పనిచేయడం లేదని ఎప్పుడు తేల్చాలి? నేను ఆరు వారాలు పెట్టుకున్నాను. అంతకుముందు మారిస్తే కొత్తదనం మోజు, అంతకంటే సాగదీస్తే డబ్బు పోసిన పౌరుషం. మార్చేముందు ఒక్క పరీక్ష: పుస్తకం కష్టమా, లేక దాన్ని వాడే తీరు కష్టమా? సాంఘికశాస్త్రంలో స్థానిక పాలన మీద మూడు అధ్యాయాలున్నాయి. మొదటిది చదువుతూనే మా పిల్ల నిద్రపోయింది, పుస్తకం మార్చేద్దామనుకున్నాను. మారుద్దామనుకున్న వారంలోనే మా వీధి దీపం పోయింది. ఫిర్యాదు ఎవరికి, ఎలా రాయాలి అని వెతకడానికి అదే పాఠం మళ్లీ తెరవాల్సి వచ్చింది. వార్డు ఆఫీసుకు అర్జీ తనే రాసింది, తెలుగులో, ఏడు తప్పులతో. దిద్దకుండా అలాగే ఇచ్చొచ్చాం.

దీపం పదకొండో రోజు వెలిగింది. మూడో అధ్యాయం ఇంకా మిగిలే ఉంది.